పెట్ట వేసే రెండు కేకలు

పొద్దుగూకే వేళకు మా అవ్వ చేతిలో పని ఏదున్నా పక్కన పెట్టి వాకిట్లో నిలబడేది. కోళ్లు ఒక్కొక్కటే వచ్చి గూటి నోటి దగ్గర ఆగి, తల అటూ ఇటూ తిప్పి చూసి, వంగి లోపలికి దూరేవి. అవ్వ వేళ్లు మడిచి లెక్కపెట్టేది కాదు. బోసిమెడది వచ్చె, బూడిదది వచ్చె, కుంటిది వచ్చె, అని పెదాలు కదిలీ కదలకుండా అనుకునేది. అన్నీ చేరాక నా వైపు తిరిగి అడిగే మాట ఒక్కటే.

“బండ పెట్టినావా?”

ఆ బండ పెట్టడం నా పని. ఏడెనిమిదేళ్ల వయసులో ఇంట్లో నాకంటూ అప్పజెప్పిన మొదటి పని అది. మా అరుగు కిందే కోళ్ల గూడు. రాయీ మట్టీ వేసి అరుగు కట్టేటప్పుడే లోపల మూరెడు ఎత్తున ఖాళీ వదిలి, ముందు జానెడున్నర నోరు ఉంచారు. తలుపు లేదు. ఒక నల్ల కడప బండ ముక్కను ఆ నోటికి నిలబెట్టి, అది జారకుండా బయటి నుంచి గుండురాయి ఆనించాలి. గాలి ఆడడానికి పక్కగోడలో రెండు కన్నాలుండేవి. వాటికి చిల్లులు పొడిచిన కుండపెంకులు మట్టితో అతికించి పెట్టింది అవ్వ. “ముంగిస తల దూరిందంటే ఒళ్లంతా దూరినట్టే” అని చెప్పేది. పాముకైతే ఆ చిల్లులు కూడా ఎక్కువే అని, వానాకాలంలో రాత్రిళ్లు వాటి మీద గోనెగుడ్డ వేలాడదీసేది.

బండ పెట్టాక దాని ముందు దోసెడు పొయ్యి బూడిద చల్లి చేత్తో చదును చెయ్యాలి. తెల్లారి లేవగానే ఆ బూడిదను చదవడం నాకు పలకమీద అక్షరాలు దిద్దడం కంటే ఇష్టంగా ఉండేది. కుక్క వచ్చిపోయుంటే గోళ్ల గుర్తులు పడేవి. పిల్లి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది, దాని అడుగు నున్నగా పువ్వు అచ్చు వేసినట్టు ఉండేది. ముంగిస అడుగు చిన్నది, ముందు సన్నటి గోటి గీతలు. పందికొక్కు తోక ఈడ్చిన గీత వేరు, పాము పాకిన జాడ వేరు. ఏ రాత్రి ఎవరు గడప దాకా వచ్చి వెనక్కి పోయారో తెలిసేది. అవ్వ వచ్చి చూసి, కన్నం వైపు అడుగులు పోయుంటే ఆ రోజే మట్టి తడిపి కుండపెంకు చుట్టూ మళ్లీ మెత్తేది.

మా ఊరు బళ్లారి తాలూకాలో, మోకా వైపు, హగరి ఒడ్డున. వేదవతినే మా దగ్గర హగరి అంటారు. ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో ఇసుకే పారేది. అవ్వ పుట్టిల్లు ఆలూరు పక్క పల్లె. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, బళ్లారి తాలూకా మైసూరు రాష్ట్రంలో కలిసింది. అవ్వ పుట్టిల్లు ఒక రాష్ట్రం, మెట్టినిల్లు ఇంకో రాష్ట్రం అయ్యాయి. ఆమె మాత్రం ఎప్పటిలాగే ఎద్దులబండిలో పుట్టింటికి పోయి, వచ్చేటప్పుడు ఒళ్లో గుడ్ల బుట్ట పెట్టుకుని వచ్చేది. మా ఇంటి కోళ్లన్నీ ఆ బుట్టల్లో వచ్చినవాటి సంతానమే.

గుడ్లు పొదగవేయడం ఆమెకు పండగ చేసినంత పని. సరి సంఖ్యలో పెట్టేది కాదు, పదకొండు లేకపోతే పదమూడు. పిడికిలి గొట్టంలా మూసి అందులోంచి గుడ్డును ఎండకు పట్టి చూసి, లోపల గాలి గది పెద్దదైపోయిన పాత గుడ్లను పక్కన పెట్టేది. గంపలో ఊకా ఇసుకా పోసి, అడుగున వేపాకూ వావిలాకూ పరిచేది, పొదుగు కోడిని పేలు పట్టకుండా. ఉరుము ఉరిమితే గుడ్లు చెడతాయని ఒక ఇనుప మేకు, బొగ్గు ముక్క, ఎండుమిరపకాయ మూల పెట్టేది. ఇరవయ్యొకటో రోజు గంప దగ్గర చెవి పెట్టి నన్ను కూడా పిలిచి వినిపించేది. పెంకు లోపలి నుంచి కీచుమనే ఆ చప్పుడు విన్న పిల్లవాడు కోడిపిల్లను గద్దకు వదిలేసి ఊరుకోలేడు.

పెట్ట వేసే కేకలు రెండు. ఇది అవ్వే నేర్పింది. ఆకాశంలో గద్ద కనబడితే పెట్ట గొంతు నొక్కినట్టు సన్నగా, పొడుగ్గా ఒక్క రాగం తీసి చప్పున ఆపేస్తుంది. ఆ కేక చెవిన పడగానే పిల్లలు దొరికిన సందులోకి దూరి రాళ్లలా బిగుసుకుపోతాయి. పిల్లో పామో కుక్కో నేలమీద కనబడితే మెడ నిక్కించి, టకటకమని తెరపి లేకుండా అరుస్తుంది. పుంజు కూడా గొంతు కలుపుతుంది. అప్పుడు పిల్లలు దాక్కోవు, పరుగెడతాయి. అవ్వ వంటింట్లో రొట్టె తడుతూనే ఈ రెండు కేకలనూ వేరుచేసి పట్టేది. మొదటిదైతే “పైకి చూడ్రా!” అని, రెండోదైతే “గోడ కింద చూడ్రా!” అని లోపలి నుంచే అరిచేది. పెద్దయ్యాక ఎక్కడో చదివాను, శాస్త్రవేత్తలు కోళ్ల ముందు తెరలు పెట్టి, నెత్తిమీద డేగ బొమ్మనూ ఎదురుగా నేలజంతువు బొమ్మనూ ఆడించి, ఆ కూతలు రికార్డు చేసి, పై శత్రువుకు ఒక కూత, నేల శత్రువుకు ఇంకొకటి ఉన్నాయని తేల్చారని. చదివి ఆ పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. రొట్టెల పెనం ముందు పొగలో కళ్లు తుడుచుకుంటూ అవ్వ చెప్పింది అదే కదా అనిపించింది.

సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి గద్దల బాధ ఎక్కువయ్యేది. వాటికీ గూట్లో పిల్లలుండే రోజులవి. గద్ద తొందరపడదు. ఊరి మీద రెండు చుట్లు తిరిగి, ఎండలో నీడ జార్చుకుంటూ కిందికి దిగి, తోకను చుక్కానిలా తిప్పి, ఒక్క ఊపులో తన్నుకుపోతుంది. డేగ అలా కాదు. చప్పుడు లేకుండా వేపచెట్టు కొమ్మలోంచి రాయి విసిరినట్టు వస్తుంది. డేగ వచ్చినప్పుడు పెట్టకు కేక వేసే వ్యవధి కూడా ఉండేది కాదు. అందుకని వాకిలి మధ్య ఎప్పుడూ ఒక కంపకుప్ప ఉండేది. ఎండిన ముళ్లకొమ్మలు అడ్డదిడ్డంగా పేర్చిన కుప్ప. కోడిపిల్లలు దూరగలవు, పెద్దపక్షి రెక్క చాపి దూరలేదు. పిల్లలు పుట్టిన మొదటి రెండు వారాలు తల్లినీ పిల్లలనూ కలిపి పెద్ద వెదురు గంప కింద మూసేవాళ్లం, ఆ తర్వాత ఈ కుప్పే వాటికి కోట. కొత్త తల్లి పెట్టను అవ్వ మొదటి రోజు తనే అదిలించి ఆ కుప్ప దాకా నడిపించి చూపించేది.

ఆ కంప ఎక్కువగా బళ్లారి జాలిది. తెలుగునాట సర్కారు తుమ్మ అనే చెట్టుకు కన్నడంలో మా జిల్లా పేరే పెట్టారు. ఈ చెట్టు విత్తనాలను మన దేశంలో మొదట 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారని అటవీశాఖ చరిత్రల్లో ఉంది. మా తాతల కాలానికి మాత్రం పెరళ్లకు కంచె నాగజెముడే. దాని ఆకుమట్టల మధ్య పాములూ ముంగిసలూ కాపురముండేవని, కోళ్లు పెంచేవాళ్లకు అది తలనొప్పిగా ఉండేదని అవ్వ చెప్పేది. 1926 ప్రాంతంలో సిలోన్ నుంచి ఒక తెల్లటి బూజులాంటి పురుగును తెప్పించి వదిలితే, దక్షిణాదిలో ఊళ్లకు ఊళ్లే నాగజెముడు కుళ్లిపోయి నేలమట్టమైంది. అవ్వ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆ మట్టలను చిదిమితే చేతికి నెత్తురులాంటి ఎరుపు అంటేదట. కంచెలు పడిపోయిన చోట బళ్లారి జాలి లేచింది. ఒక పురుగుతో ఒక ముళ్లచెట్టు పోయి దాని చోటికి ఇంకో ముళ్లచెట్టు రావడం ఒక మనిషి జీవితకాలంలోనే జరిగిపోయింది.

గద్దను తరమడానికి మాకు ఇంకో సాయం ఉండేది. పసులపోలిగాడు. నల్లగా, తోక చీలి, గుప్పెడంత పిట్ట. వేపచెట్టు చిటారు కొమ్మన అది గూడు కట్టిన ఏడు గద్ద మా వాకిట్లోకి దిగలేదు. దిగబోతే నెత్తిమీద పొడుస్తూ ఊరి పొలిమేర దాకా తరిమేది. ఆ గూడున్న కొమ్మను మేకల మేతకు నరకనిచ్చేది కాదు అవ్వ. పురుగులను గాల్లోనే పట్టి తినే ఆ పిట్టా, తీగమీద కూర్చునే పాలపిట్టా పెరటికి కూడా కావలి. ఇప్పుడు తలుచుకుంటే, మా వాకిలి కావలీ పెరటి కావలీ ఒక్కటే అని తెలుస్తుంది. అప్పుడు నాకు అవి రెండు పనులు.

పక్కిల్లు లింగాయతులది. ఆ ఇంటి అజ్జి కోడిని ముట్టదు, గుడ్డు పేరెత్తదు. అయినా గద్ద నీడ ఆమె మిద్దెమీద పడితే ముందు ఆమె గొంతే లేచేది. “హద్దు బంతు నోడ్రీ!” గద్దకు కన్నడంలో హద్దు అని పేరు. మా వీధి పిల్లలం ఏ ఇంటివాళ్లమైనా రెండు మాటలూ కలిపి అరిచేవాళ్లం. వడిసెలలో రాయి పెట్టి తిప్పడం నాకు ఆ వీధిలోనే వచ్చింది. జొన్నచేల మంచెల మీద పిట్టలను తోలే వడిసెల అది. వాకిట్లో దాన్ని వాడొద్దని అవ్వ ఎంత తిట్టినా, గద్ద వచ్చినప్పుడు మాత్రం ఏమీ అనేది కాదు.

అయితే ఆ అజ్జితో మాకు జగడమూ ఉండేది. కారణం మా కోళ్లే. ఆమె పెరట్లో మిరప నారు పోసిందంటే మా పెట్టలకు ఎలా తెలిసేదో, తెల్లారేసరికి గోడ దూకి నారుమడిని కాళ్లతో చిమ్మిపోసేవి. మెత్తగా తడిసిన మన్ను, అందులో పురుగూ గింజా, కోడికి అంతకంటే ఏం కావాలి? అజ్జి కన్నడంలో తిట్టేది, అవ్వ తెలుగులో ఒప్పుకునేది. రెండు రోజుల్లో అవ్వ కంప మోసుకుపోయి ఆమె నారుమడి మీద తనే పరిచి వచ్చేది. తట్టెడు కోడిపెంట కూడా ఇచ్చేది. ఆ పెంట వేసిన మిరప చెట్లు నల్లగా నిగనిగలాడుతూ లేచేవి. కాయలు ఎండాక మొదటి దోసెడు మా ఇంటికే వచ్చేది.

పెరట్లో బీర, సొర, చిక్కుడు, వంగ, గోరుచిక్కుడు. మందు అంటే పొయ్యి బూడిద. తెల్లవారుజామున ఆకులమీద మంచు తడి ఆరకముందే గుడ్డమూటలో బూడిద కట్టి, చిక్కుడు తీగల మీద కర్రతో తడుతూ నడిచేది అవ్వ. సన్నటి పొడి తడి ఆకుకు అంటుకునేది. పేనుబంక పట్టిన లేత కొసలనైతే బూడిద చల్లకుండా తుంచేసి పొయ్యిలో వేసేది. సొర తీగ మొలకలమీద వాలే ఎర్ర పెంకుపురుగులను పిల్లలమే ఏరాలి. పొద్దున్నే చలికి అవి ఎగరలేవు. ఏరి కొబ్బరిచిప్పలో వేసి తెస్తే కోళ్లకు పెట్టేది. వంకాయ తొలిచే పురుగు మాత్రం దేనికీ లొంగేది కాదు. వాడిన కొసలు కనబడ్డప్పుడల్లా తుంచడమే, పుచ్చు కాయలు కోళ్లకు చీల్చి వెయ్యడమే. పుచ్చు వంకాయ చీల్చితే ముందు పరుగెత్తుకొచ్చేది కుంటి పెట్ట.

ఆ బూడిదే కోళ్లకు స్నానం కూడా. గోడవార నీడలో గుంట తవ్వి బూడిదా సన్నమన్నూ కలిపి పోస్తే, మధ్యాహ్నం ఒకదాని మీద ఒకటి పడి పొర్లాడి, రెక్కలు విదిల్చి లేచేవి. పేలు రాలిపోయేవి. కోడిపిల్లల మేతకు చెదపుట్ట దగ్గర పాత కుండలో పేడా జొన్నదంటు ముక్కలూ కుక్కి, నీళ్లు చిలకరించి రాత్రి బోర్లించి వచ్చేవాళ్లం. తెల్లారి కుండ ఎత్తితే లోపలంతా చెదపురుగులు తెల్లగా కదులుతుండేవి. వాకిట్లో బోర్లిస్తే పిల్లలు ఎగబడి తినేవి. మిద్దె దంతెలను తినే చెదకు అవ్వ వెదికిన విరుగుడు అది.

కోళ్లు కూడా ముట్టని పురుగు ఒకటుంది. బొంతపురుగు. కన్నడం మాట కలిపి కంబళి పురుగు అని కూడా అనేవాళ్లం. ఒళ్లంతా ఎర్రటి వెంట్రుకలు. ఎగువ ఎర్రచేలలో శనక్కాయ మొలిచిన రోజుల్లో చేను నుంచి చేనుకు దండులా నడిచి, వెనక ఈనెలు మాత్రం మిగిల్చేది. దానికి విరుగుడు చెట్టుమీద లేదు, వానలో ఉంది. ఎండాకాలమంతా మట్టిలో కోశాలుగా ఉండి, తొలకరి పడ్డాక రెక్కలపురుగులై రాత్రిళ్లు లేస్తాయి. వెలుగు కనబడితే అటు ఎగురుతాయి. అందుకని మొదటి గట్టివాన పడ్డాక ఊరు ఊరంతా గట్లమీద మంటలు వేసేవాళ్లు. ఒక చేను వేసి పక్కచేను వెయ్యకపోతే లాభం లేదు. నాన్న భుజమ్మీద కూర్చుని చూసిన ఆ రాత్రి నాకు గుర్తుంది. హగరి అవతలి గట్టున కూడా వరసగా మంటలు. తెల్లరెక్కల పురుగులు మంటలో పడి చిటపటలాడాయి. అయినా మిగిలినవి గుడ్లు పెడితే, చేను చుట్టూ కందకం తవ్వి అందులో జిల్లేడు కొమ్మలు, అడవి ఆముదం కొమ్మలు పరిచేవాళ్లు. పురుగులు వాటికి చేరితే ఏరి పూడ్చేవాళ్లు. వేసవి దుక్కిలో బయటపడే కోశాలను మాత్రం కోళ్లూ గోరింకలూ కాకులూ వదిలేవి కావు. నాగలి వెనకే నడిచేవి.

ఇక ఆ రాత్రి సంగతి.

నాకు పదేళ్లు. ఊళ్లో తోలుబొమ్మలాట. అన్నం తిని పరుగెత్తాను. బండ నిలబెట్టాను, గుండురాయి ఆనించలేదు. బూడిద చల్లలేదు. అవ్వ అడగలేదా అంటే, అడిగింది. “పెట్టినాను అవ్వా” అన్నాను. బండ పెట్టిన మాట నిజమే.

తెల్లారి లేచేసరికి అవ్వ గూటి ముందు కూర్చుని ఉంది. బండ పక్కకు పడి ఉంది. వాకిలంతా ఈకలు. ఏడు పెట్టలు మెడల దగ్గర కొరికి చచ్చి ఉన్నాయి. తినడానికి తీసుకుపోయింది ఒక్కదాన్నే. బోసిమెడది పొదుగులో ఉండేది, దాని గుడ్లు చల్లగా అయిపోయాయి. బూడిద లేకపోయినా పేడతో అలికిన తడి వాకిట్లో అడుగులున్నాయి, నున్నగా, పువ్వులా, ఇంటిపిల్లి కంటే పెద్దవి. బావురుపిల్లి. తుంగభద్ర కాలువ నీళ్లు వచ్చాక జమ్ములో, చెరకులో అది ఎక్కువైంది. అవ్వ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. చచ్చిన పెట్టలను ఒక్కొక్కటే ఎత్తి గంపలో వేసి, “ఈ బండ ఇంక నేనే పెట్టుకుంటాలే” అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గొంతులో అడ్డుపడుతుంది. ఆ కోళ్లూ గుడ్లే ఆమె చేతిలో ఆడే డబ్బు. సంతలో గుడ్లమ్మి ఉప్పూ సబ్బూ తెచ్చేది, కూతురి పురుటికి దాచేది, మారెమ్మకు మొక్కు తీర్చేది. ఎవరినీ అడగకుండా ఖర్చుపెట్టుకోగల రూపాయి ఆ గూట్లోంచే వచ్చేది.

చిన్నాయన ఊరుకోలేదు. పత్తికి కొట్టడానికి తెచ్చిన ఎండ్రిన్ డబ్బా ఇంట్లో ఉంది. అవ్వ వద్దన్నది. “ఎలకల్ని తినేది అదేరా, ఏడాదికోసారి మన తప్పుకు మనదాన్ని తినె” అన్నది. చిన్నాయన చచ్చిన పెట్టల్లో ఒకదానికి ఆ మందు పట్టించి కాలువ గట్టున పడేశాడు. రెండో రోజు బావురుపిల్లి జమ్ములో చచ్చి కనబడింది. దాని పక్కనే రెండు గద్దలు, మా వీధి కుక్క కూడా. కుక్కను పిల్లలమే మోసుకొచ్చి పాతిపెట్టాం.

ఆ ఏడు జొన్న పాతర తవ్వినప్పుడు లోపలికి పందికొక్కుల బొరియలు పోయున్నాయి. పాతర అంటే ఇప్పటివాళ్లకు తెలియదు. గట్టినేలలో బావిలా తవ్వి, లోపల జొన్నగడ్డి పరిచి, గింజలు పోసి, పైన మన్ను కప్పి పూడ్చే ధాన్యపు గది. మా జొన్నలో సగానికి సగం పొట్టూ మట్టీ కలిసి వచ్చింది. గూడు కింద నుంచి కూడా పందికొక్కులు తవ్వి గుడ్లు లాక్కుపోవడం మొదలైంది. బండ ఎంత బిగించినా నేల కిందినుంచి వచ్చేవాటిని ఏం చేస్తాం? సరిస్కా అడవిలో బావురుపిల్లి ఆహారం మీద పనిచేసినవాళ్లు, అది రోజుకు మూడు నుంచి ఐదు ఎలుకల్ని తింటుందని లెక్కగట్టారు. చిన్నాయన ఆ లెక్క చదవలేదు. అవ్వ కూడా చదవలేదు. కానీ ఆమె వద్దన్నది.

తర్వాత సంగతులు త్వరగా జరిగిపోయాయి. మాకు దగ్గర్లోనే 1906 నుంచి ఉన్న హగరి వ్యవసాయ పరిశోధనా క్షేత్రాన్ని ఊళ్లో ఫారం అనేవాళ్లు. అక్కడి నాటు పత్తి రకాలు మా నల్లరేగడిలో చాలాకాలం నడిచాయి. 1972లో ధారవాడలో బి.హెచ్. కతార్కి తయారుచేసిన వరలక్ష్మి సంకర పత్తి వచ్చింది. దూది పొడుగు, ధర మంచిది, చాలా ఇళ్లలో అప్పులు తీరాయి, అది కాదనను. దానికి పురుగూ ఎక్కువే, మందుల పిచికారీ కూడా ఎక్కువే. పిచికారీ చేసిన చేలో పురుగులు గిలగిలలాడుతూ నేలమీద పడితే కోళ్లు పోయి ఏరుకు తినేవి. సాయంత్రానికి మెడ వాల్చేసేవి. పొడి మందు రోజులూ అవే. గమాక్సిన్ పొడిని పేలకని గూళ్లలో కూడా చల్లారు. బూడిదంత సులువుగా చేతికి దొరికింది అది, బూడిద చల్లినట్టే చేతులతో చల్లారు. ఎండ్రిన్‌ను 1990లో, గమాక్సిన్ పొడిగా అమ్మిన బీహెచ్‌సీని 1997లో, ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆదేశంతో మన దేశంలో ఆపేశారు. అప్పటికి వేపచెట్టు మీద పసులపోలిగాడు గూడు కట్టి చాలా ఏళ్లయింది.

దానికి తోడు కొక్కెర తెగులు ఎండాకాలం రాగానే వీధికి వీధిని ఊడ్చేది. టీకా మందు ఉన్నా, చల్లగా ఉంచి మా ఊరి దాకా తెచ్చేవాళ్లు లేరు. నాటుకోళ్లు తగ్గాక బెంగళూరు హెబ్బాళ నుంచి గిరిరాజ, హైదరాబాద్ నుంచి వనరాజ పిల్లలు వచ్చాయి. వనరాజకు కాళ్లు పొడుగు, ఈకల రంగులు కలగాపులగం. పెరట్లో శత్రువు కంట పడకుండా, పడితే పరుగెత్తగలిగేట్టు ఎంచి తయారుచేశారు. తెలివైన పనే. వాటి చేత గుడ్లు పొదిగించడం మాత్రం కుదరదు, పిల్లలను కొనుక్కురావాలి. అవ్వ నాలుగైదింటిని పెంచి, పొదగని కోడి నాకెందుకని మళ్లీ తెప్పించుకోలేదు. ఆమె పోయేనాటికి గూట్లో పాత చెప్పులూ పార పిడులూ పెట్టేవాళ్లు. కడప బండ బావి దగ్గర బట్టలుతకడానికి పోయింది.

ఇప్పుడు గద్దలను చూడాలంటే బళ్లారి కౌల్ బజార్‌లో కోడిమాంసం దుకాణాలు మూసే వేళకు పోవాలి. పడేసిన పేగుల కోసం అవి కరెంటు తీగల మీద వరసగా కూర్చుని ఉంటాయి. అంత దగ్గరగా గద్ద ముఖం నేను చిన్నప్పుడు ఎన్నడూ చూడలేదు.

ఆ మధ్య మిరప కాయ పండే కాలంలో ఊరికి పోయాను. అజ్జి వాళ్ల ఇంటి వెనక ఇప్పుడు వేరేవాళ్లుంటారు. ఆ ఇంటి కోడలు ఒక నాటు పెట్టను పెంచుతోంది. దాని వెనక తొమ్మిది పిల్లలు. వాకిట్లో కుర్చీ వేసి, టీ తెస్తానని ఆమె లోపలికి పోయింది. ఉన్నట్టుండి పెట్ట మెడ వంచి, ఒక కన్ను పైకి తిప్పి, గొంతు నొక్కినట్టు సన్నగా, పొడుగ్గా ఒక్క రాగం తీసింది. యాభై ఏళ్ల తర్వాత కూడా నా తల దానంతటదే పైకి లేచింది. ఆకాశంలో గద్ద లేదు. మిరపచేని మీద మందు కొట్టే డ్రోన్ గోడ పక్కకు దిగి మళ్లీ లేస్తోంది, రెక్కల కింద తెల్లటి తుంపర.

“మందు పడతాదన్నా, లోపలికి రాండి” అని కోడలు గడపలోంచి పిలిచింది. పిల్లలు ట్రాక్టర్ ట్రాలీ కింద దూరి బిగుసుకుపోయి ఉన్నాయి. నేను గంప ఎక్కడుందని అడిగాను. ప్లాస్టిక్ బుట్ట ఒకటి తెచ్చిచ్చింది. పెట్టను దాని కింద మూసి, ట్రాలీ చక్రం పక్కన గొంతుక్కూర్చుని, డ్రోన్ చప్పుడు ఆగేదాకా చూశాను. చప్పుడు ఆగినా పిల్లలు చాలాసేపు కదల్లేదు. తల్లి బుట్ట కిందినుంచి మెల్లగా పిలిచాక ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. వేళ్లు మడవకుండా లెక్కపెట్టాను. తొమ్మిదీ ఉన్నాయి.